చెమట నీళ్ల గొట్టం

ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ మార్చే రోజున డెరిక్ ఇంట్లోనే ఉండిపోవడం గ్లెండాకి మొదటే వింతగా అనిపించింది. పనివాళ్లు గుమ్మంలో అడుగు పెడుతున్నారంటే టోపీ పెట్టుకుని క్లబ్బుకి జారుకునే మనిషి. పైకప్పు పలకలు మార్చినప్పుడు లేడు, కిటికీలు బిగించినప్పుడు లేడు. టీలు కాచి పోయడం, దుమ్ము తుడవడం, పని తిన్నగా చేశారో లేదో చూసుకోవడం అన్నీ ఆవిడ నెత్తినే పడేవి. అలాంటివాడు ఆ అక్టోబరు పొద్దున కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి, వంటింటికీ కింది స్నానాలగదికీ మధ్య గుమ్మంలో వేసుకుని పేపరు పట్టుకు కూర్చున్నాడు. ఎంతసేపటికీ గుర్రప్పందేల పేజీ మారలేదు.

బాయిలర్ పెట్టేది పరాయి మనిషి కూడా కాదు, గ్లెండా అక్క కూతురు రోవెనా. గ్యాస్ పని నేర్చుకుని, వ్యాను మీద పెద్దక్షరాలతో తన పేరు రాయించుకుని, బ్రిగ్‌క్లఫ్ లోయంతా తిరుగుతుంది. నోరు పెద్దది. పని చేస్తున్నంతసేపూ పాడుతుంది, ఒక్క పాటా తిన్నగా రాదు. టీలో చక్కెర తగ్గితే మళ్లీ కాచమంటుంది.

పాత బాయిలర్ పొగనీ ఆవిరినీ కలిపి గోడ బయటికి ఊదేసేది. కొత్తది అలా కాదు, మహా పిసినారిది. పొగలో మిగిలిన వేడిని కూడా పిండుకున్నాకే బయటికి వదులుతుంది. పిండేటప్పుడు ఆవిరి నీరవుతుంది, ఆ నీళ్లు బొట్లుబొట్లుగా కారుతూనే ఉంటాయి. దీనికి చెమట పడుతుంది పిన్నీ అని రోవెనా చెప్పింది. ఆ చెమట కాస్త పుల్లటిదట, రాగిని తినేస్తుందట. అందుకని ప్లాస్టిక్ గొట్టం వేసి, ఎక్కడా నిలవకుండా వాలుగా దించి, ఇంటి మురుగులో కలపాలి. బాయిలర్ తగిలించిన గోడకి అవతలే కింది స్నానాలగది. అక్కడి టాయిలెట్ గొట్టం చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. పని అరపూటలో అయిపోవాలి.

"బాబాయ్, ఆ కుర్చీ కాస్త జరుపు. లోపల నేల చూడాలి," అంది రోవెనా.

"నేలకేమొచ్చింది?"

"ఏం రాలేదు. ఒక చెక్క లేపి మీ గొట్టం ఎటు పోతుందో చూస్తా. ఎటు పోతుందో తెలియని దాంట్లో నేను ఏదీ కలపను."

"గోడకి బెజ్జం కొట్టి బయటికి తీసుకుపో."

"బయటికి తీస్తే స్నానాలగది చుట్టూ తిప్పి పెరటి మూల కాలువ దాకా లాక్కుపోవాలి. మీ పెరట్లో మార్చి దాకా ఎండ పొడ రాదు. గొట్టంలో నీళ్లు గడ్డ కట్టాయా, బాయిలర్ నోరు మూసుకుంటుంది."

డెరిక్ పేపరు మడిచాడు. ఆ చెక్కలు పాతవి, లేపితే విరిగిపోతాయన్నాడు. పాత సామాను కొట్టులో దొరుకుతాయిలే అంది రోవెనా. కింద ఆస్బెస్టాస్ ఉందేమో, ఊపిరితిత్తులకి మంచిది కాదన్నాడు. ఆస్బెస్టాస్ నేల కింద ఎందుకుంటుంది బాబాయ్ అని నవ్విందా పిల్ల. దానికతను, నేల మీద లినోలియం మొన్ననే అతికించాను, అది పాడైతే మీ పిన్ని నన్ను బతకనివ్వదన్నాడు.

గ్లెండా కెటిల్ చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. లినోలియం వేసి ఎన్నో ఏళ్లయింది. దాని రంగు బాగాలేదని ఆవిడ అప్పుడే అంది, ఇప్పటికీ అంటూనే ఉంది. సరైన కారణం ఒకటుంటే మనిషి దాన్నే పట్టుకుని వేలాడతాడు. ఇన్ని కారణాలు ఏరుకుంటున్నాడంటే అసలుది చెప్పలేకపోతున్నాడన్న మాట. కానీ అక్క కూతురి ముందు మొగుణ్ణి నిలదీయడం ఇష్టం లేక కెటిల్ పొయ్యి మీద పెట్టింది. చివరికి రోవెనాయే విసిగిపోయి గోడకి బెజ్జం కొట్టింది. లావు గొట్టం వేసింది, నల్ల స్పాంజి తొడుగు తొడిగింది, వాలు చూసి చూసి బిగించింది. వెళ్తూ వెళ్తూ, "చలి ముదిరాక నాకు ఫోన్ చేసి తిట్టకండి. నేను చెప్పాల్సింది చెప్పాను," అని వ్యానెక్కింది.

ఆమె వెళ్లాక డెరిక్ కుర్చీని తీసుకెళ్లి దాని చోట పెట్టి, టోపీ పెట్టుకుని క్లబ్బుకి పోయాడు.

ఆ స్నానాలగది డెరిక్ తన చేతులతో కట్టింది. ఇద్దరూ స్లిప్పర్ల ఫ్యాక్టరీలో పని చేసే రోజులవి. అతను ఫెల్ట్ గుడ్డ కోసే మిషను మీద, ఆవిడ కుట్టు వరసలో. తల్లికి జబ్బు చేస్తే గ్లెండా ఆవిడ ఉండే ఫ్లీట్‌వుడ్ వెళ్లి కొన్ని వారాలు అక్కడే ఉండిపోయింది. మెట్లెక్కలేని అత్తగారిని ఇంటికి తెచ్చుకోవాలంటే కింద స్నానాలగది ఉండాలని డెరిక్ సెలవు పెట్టి మరీ కట్టాడు. తల్లి మాత్రం రాలేదు, అక్కడే పోయింది. గ్లెండా తిరిగొచ్చేసరికి గది తయారుగా ఉంది. ఆవిడ అందులో తలుపేసుకుని ఏడ్చింది. ఇంతకంటే మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడని అప్పట్లో అనుకుంది కూడా.

ఇప్పుడు కూరగాయలు తరుగుతూ అదే సంగతి తిరగేసింది. తను లేని ఆ వారాల్లో ఈ ఇంట్లో ఏం జరిగిందో తనకి నిజంగా ఏం తెలుసు? ఆలోచన పక్కింటి మీదికి పోయింది.

వీధి ఏటవాలుగా దిగుతుంది. పక్కిల్లు ఒక మెట్టు దిగువన ఉంటుంది. అందులో మ్యూరియల్ ఆష్‌వర్త్ ఒంటరిగా ఉంటోంది. కుట్టు వరసలో గ్లెండా పక్క మిషను ఆవిడదే. ఒకే డబ్బాలో తెచ్చుకున్న ఆపిల్ పై ముక్కలు పంచుకు తిన్నారు, ఒకరి జుట్టుకి ఒకరు రంగు వేసుకున్నారు. గ్లెండా ఫ్లీట్‌వుడ్ నుంచి వచ్చాక కొన్నాళ్లకి మ్యూరియల్ తన నేలమాళిగలో తడి ఊరుతోందనీ, కంపు కొడుతోందనీ మొదలుపెట్టింది. ఒకసారి క్లబ్బులో అందరి ముందూ, "మీ ఇంటి మురికి నా ఇంట్లోకి వస్తోంది గ్లెండా," అంది. ఆ మాట గ్లెండాకి చెంపదెబ్బలా తగిలింది. ఆ రోజుతో మాటలు ఆగాయి. వెనక సందులో ఎదురైతే ఇద్దరూ చెరో గోడ చూసుకుంటూ పోయేవారు.

మ్యూరియల్ టౌన్ కౌన్సిల్‌కి కూడా చెప్పుకుంది. ఒకతను వచ్చి గ్లెండా వంటింటి సింకులోనూ పై టాయిలెట్‌లోనూ రంగునీళ్లు పోసి, పెరట్లో మ్యాన్‌హోల్ మూత తీసి చూసి, అన్నీ సవ్యంగానే పోతున్నాయని రాసుకుని వెళ్లాడు. అప్పటి నుంచి ఆమె మాటెత్తితే చాలు, డెరిక్‌కి ఒళ్లు మండేది. మొగుడు పోయాక దానికి మతి పోయింది, లేని కంపులు వస్తున్నాయి అనేవాడు. ఆ మాట క్లబ్బంతా పాకింది. క్లబ్బులో పాకితే బ్రిగ్‌క్లఫ్‌లో ఇక చెప్పక్కర్లేదు.

అంత చీదరించుకునేవాడు చెత్తబండి వచ్చే రోజున చేసే పని గ్లెండా ఆ నవంబరులో కళ్లారా చూసింది. పై కిటికీ తెర సర్దుతుంటే కింద సందులో డెరిక్ కనిపించాడు. అటూ ఇటూ చూసి, మ్యూరియల్ చక్రాల చెత్తబుట్టని లాక్కుంటూ వెళ్లి ఆమె పెరటి తలుపు లోపల పెట్టి, తలుపు మెల్లగా చేరవేసి వచ్చాడు. మరో వారం ఆమె మెట్ల మీద మంచు గడ్డ కట్టకుండా ఉప్పు చల్లుతున్నాడు. ఇంట్లోకి వచ్చాక ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కున్నాడు.

"సందులో ఎవరైనా కనబడ్డారా?" అని అడిగింది గ్లెండా.

"ఎవరు కనబడతారు ఈ చలిలో?"

నోటితో తిట్టి చేతులతో సేవ చేసే మగవాణ్ణి ఏమనుకోవాలి? గ్లెండా లెక్క వేసుకుంది. తను ఊళ్లో లేదు. మ్యూరియల్ మొగుడు అప్పట్లో రాత్రి షిఫ్టు. ఆవిడ చూడ్డానికి బాగుండేది, ఇప్పటికీ వెన్ను వంగలేదు. ఆ వెంటనే తగువు. తగువు తడి గురించేనని తనెందుకు నమ్మింది? ఇద్దరి మధ్యా ఏదో జరిగి, చెడి, దాన్ని కప్పిపుచ్చడానికి ఈ కంపు గోల లేవదీశారేమో. ఇక నేల కింద ఏముంది? ఆ ప్రశ్నకి మాత్రం ఆవిడకి జవాబు దొరకలేదు. దొరక్కపోయినా, స్నానాలగదిలోకి వెళ్లినప్పుడల్లా కాళ్ల కింద చెక్కలు ఎక్కడ కిర్రుమంటున్నాయో వినడం అలవాటైపోయింది.

జనవరిలో చలి ముదిరింది. కొండల మీద మంచు కరగలేదు, పెరట్లో రాతి పలకలు అద్దాల్లా మెరిశాయి. ఒక పొద్దున బాయిలర్ గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు గుడగుడమని ఆగిపోయింది. గొట్టం గడ్డ కట్టింది. రోవెనాకి ఫోన్ చేస్తానంటే డెరిక్ వద్దన్నాడు. కెటిల్‌లో గోరువెచ్చటి నీళ్లు పట్టుకెళ్లి గొట్టం పొడుగునా పోసుకుంటూ వచ్చాడు. బాయిలర్ మళ్లీ పలికింది. ఇక రోజూ అదే పని. గొట్టం మీద పోసిన నీళ్లు పలకల మీదికి కారి అక్కడ గడ్డ కట్టేవి. గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు అని గ్లెండా అంటూనే ఉంది.

చివరికి అన్నంత పనీ అయ్యింది. వంటింట్లో రొట్టె కాలుస్తుంటే పెరట్లో కెటిల్ పడిన చప్పుడు, వెంటనే అతని కేక. గ్లెండా చేతులు తుడుచుకుని పరుగెత్తేసరికి మ్యూరియల్ అప్పటికే అక్కడుంది. ఆమె సందు తలుపులోంచి వచ్చింది. తన భుజాల మీది శాలువా తీసి డెరిక్ మీద కప్పి, పక్కన మంచులో మోకాళ్ల మీద కూర్చుంది. డెరిక్ ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"నన్ను క్షమించు మ్యూరియల్," అంటున్నాడు. "నన్ను క్షమించు."

గ్లెండాని చూడగానే నోరు మూసుకున్నాడు. మ్యూరియల్ లేచి, అంబులెన్సుకి ఫోన్ చేశానని గోడకేసి చూస్తూ చెప్పి వెళ్లిపోయింది. శాలువా తీసుకోలేదు.

తుంటి ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే నొప్పితో మొహం తెల్లబడిపోయినా, డెరిక్ భార్య చెయ్యి లాగి దగ్గరికి పిలిచాడు. ఆవిడ వంగింది, ఏదో చెబుతాడనుకుంది.

"బాయిలర్ ఆగితే ఆగనీ. రోవెనాని పిలవకు."

అంబులెన్సు మలుపు తిరగ్గానే గ్లెండా రోవెనాని పిలిచింది.

మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగిందని ఆసుపత్రి నుంచి కబురొచ్చాక ఇద్దరూ పని మొదలుపెట్టారు. ఇల్లు ఐసుపెట్టెలా ఉంది. ఇద్దరూ కోట్లు తీయలేదు. రోవెనా లినోలియం చుట్టేసి, టాయిలెట్ పక్క చెక్కలు ఒక్కొక్కటే లేపింది. పాత చెక్కలు ఒక్కటీ విరగలేదు. గ్లెండా గుమ్మం పట్టుకుని నిలబడింది. పెట్టె కనిపిస్తుందో, గుడ్డమూట కనిపిస్తుందో, ఇంకేమైనా కనిపిస్తుందో అని తొంగి చూస్తోంది.

కింద మట్టి, రాళ్లు, ఒక గొట్టం. అంతే.

"ఇదేంటి బాబాయ్," అని గొణిగింది రోవెనా, ఎదురుగా బాబాయ్ ఉన్నట్టే. టార్చి పెట్టి ఇంకా లోపలికి వంగింది. పాట ఆగిపోయింది.

టాయిలెట్ గొట్టం పెరటి వైపు మ్యాన్‌హోల్‌కి పోవాలి. ఇది పోలేదు. రెండో వైపు తిరిగి, నేలలో ఒక పాత రాతి తూములోకి దూరింది. చుట్టూ సిమెంటు మెత్తి ఉంది, వేళ్ల గుర్తులు అందులో అలాగే ఉన్నాయి. వాష్‌బేసిన్ గొట్టం కూడా అందులోకే. ఆ తూము ఈ ఇళ్లు కట్టిన కాలం నాటిది, వాననీళ్లు పోవడానికి రాళ్లు పేర్చి చేసింది. మురుగుకి కాదు. సరైన కాలువలో కలపాలంటే పెరటి కింద బండ తవ్వాలి, కౌన్సిల్‌తో చెప్పాలి, మనుషుల్ని పెట్టాలి. డెరిక్ దొరికిన తూములో పెట్టి పూడ్చేశాడు.

"అయితే ఇది ఎక్కడికి పోతుంది?" అంది గ్లెండా.

రోవెనా టార్చిని పక్కింటి వైపు తిప్పింది. వీధి ఎటు దిగుతుందో ఇద్దరికీ తెలుసు.

గ్లెండాకి అప్పుడు గుర్తొచ్చింది. కౌన్సిల్ మనిషి వచ్చిన రోజు ఈ గది తలుపు మూసి ఉంది. లోపల రంగు వేశాను, ఇంకా ఆరలేదు, అటు వెళ్లకండి అని డెరిక్ అతనితో అన్నాడు. ఏ రంగూ వేయలేదు. తను అప్పుడు వంటింట్లోనే ఉంది, ఆ మాట తన చెవిన పడింది. మొగుడు ఎందుకలా అన్నాడని ఒక్క క్షణమైనా అనుకోలేదు. ఇన్నాళ్లూ అనుమానపడాల్సిన చోట పడకుండా, పడకూడని చోట పడింది.

నీళ్లు ఎటు తేలతాయో చూడ్డానికి కలిపే రంగుపొడి వ్యానులో అయిపోయిందని రోవెనా అంది. గ్లెండా అలమారలోంచి తను వేసవిలో పెట్టిన బీట్‌రూట్ ఊరగాయ సీసాలు ఉన్నవన్నీ దించింది. ముక్కలు గిన్నెలో వంపేసి, ఎర్రటి వెనిగర్ నీళ్లన్నీ రోవెనా చేతికిచ్చింది. తను పక్కింటి తలుపు తడతాననీ, తట్టిన తర్వాత టాయిలెట్‌లో పోయమనీ చెప్పి, మడతపెట్టిన శాలువా పట్టుకుని బయల్దేరింది.

మ్యూరియల్ తలుపు గొలుసు తీయకుండానే తెరిచింది. "శాలువా మెట్టు మీద పెట్టేసి పోవచ్చుగా?"

"నీ నేలమాళిగ చూడాలి."

"ఎందుకు? మతి ఉందో పోయిందో తేల్చడానికా?"

"చూడనివ్వు మ్యూరియల్."

ఆవిడ గ్లెండా మొహంలోకి చూసింది. ఆ చూపులో నమ్మకం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. చివరికి గొలుసు తీసింది.

నేలమాళిగ మెట్లు ఇరుకు. కింద బల్బు వెలిగించేసరికి గోడ కనిపించింది. సున్నం పొరలు పొరలుగా ఊడిపోయి, నల్లటి చార ఒకటి మూల నుంచి నేల దాకా దిగింది. చార కింద బకెట్టు, బకెట్టు పక్కన పాత తువ్వాళ్లు. అల్మారా కాళ్ల కింద ఇటుకలు. కంపు గ్లెండా ముక్కుపుటాలకి కొట్టింది. మరుగుదొడ్డి కంపు, వేరే ఏదీ కాదు. ఆవిడ చేతి రుమాలు తీయబోయి, తీయకుండా ఆగింది.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు, పైమెట్టు మీద ఒకరు, కిందిమెట్టు మీద ఒకరు. నీళ్లు రావడానికి చాలాసేపు పట్టింది. ఎందుకు కూర్చున్నామో గ్లెండా అప్పుడు చెప్పింది. నేల లేపామని, గొట్టం తూములోకి పోతోందని, చెప్పాల్సినదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మ్యూరియల్ విన్నది గాని తల తిప్పలేదు.

"నాకిప్పుడు వాసన రాదు," అంది. "రావట్లేదో, వచ్చినా లేదనుకుంటున్నానో తెలియదు. డాక్టరు మాత్రలిచ్చాడు. ఒంటరిగా ఉండేవాళ్లకి ఇలాంటివి మామూలేనన్నాడు. నా మేనల్లుడు పిల్లల్ని తీసుకురావడం మానేశాడు. ఎందుకని అడిగితే ఏదో చెప్పేవాడు. ఇంత మంది చెబుతుంటే నాకే ఏదో అయిందని అనుకున్నాను గ్లెండా. నిజంగానే అనుకున్నాను."

గ్లెండా ఇంకా చేతిలోనే ఉన్న శాలువాని ఆవిడ ఒళ్లో పెట్టింది.

ముందు వెనిగర్ వాసన వచ్చింది. పలచగా, పుల్లగా, ఆదివారం భోజనాల బల్ల మీదలా. తర్వాత నల్లటి చార పై కొసన గులాబి రంగు ఊరింది. అది మెల్లగా దిగి, ఒక రాయి చుట్టూ తిరిగి, బకెట్టులో చుక్కగా పడింది. వెంటనే ఇంకో చుక్క. మ్యూరియల్ లేచి వెళ్లి వేలితో తాకి చూసింది. వేలు బల్బు వెలుగులో పట్టుకుంది. ఆవిడ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమోనని గ్లెండా లేవబోయింది. ఏడవడం లేదు, నవ్వుతోంది. ఆపుకోలేక గోడకి ఆనుకుని మరీ నవ్వింది.

"బీట్‌రూటా?"

"నేను పెట్టిందే."

"నువ్వెప్పుడూ వెనిగర్ ఎక్కువ పోస్తావు," అంది మ్యూరియల్. నవ్వు ఆగాక ఆవిడ మొహం గట్టిపడింది. "నిన్న పెరట్లో నీ మొగుడు క్షమించమన్నాడు. పడ్డవాడు ఏదో అంటున్నాడులే అనుకున్నాను. బుట్ట లాగిపెట్టడం, ఉప్పు చల్లడం చూస్తూనే ఉన్నాను. నోరు పారేసుకున్నందుకు సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నా."

"నేనింకోటి అనుకున్నాను," అంది గ్లెండా.

మ్యూరియల్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, "డెరిక్‌తోనా? నాకు మతి పోయిందన్నారు గాని మరీ అంతగానా?" అంది.

ఆ సాయంత్రం గ్లెండా బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లింది. డెరిక్ దిండ్లకి ఆనుకుని కస్టర్డ్ తింటున్నాడు. ఆవిడ కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"రోవెనా నేల లేపింది," అంది.

అతను స్పూను గిన్నెలో పెట్టేశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మీ అమ్మ వచ్చేలోపు గది పూర్తి కావాలనుకున్నాను, బండ పగల్లేదు, తూము కనిపించింది, ఎండాకాలంలో మళ్లీ తవ్వి సరిచేద్దామనుకున్నాను అన్నాడు. ఈలోగా మీ అమ్మ పోయింది, నువ్వు ఆ గదిలో కూర్చుని ఏడుస్తుంటే ఇది తప్పుగా కట్టానని ఎలా చెప్పను అన్నాడు. ఆ తర్వాత మ్యూరియల్ నోరు విప్పింది. ఒకసారి కాదన్నాక ఇక కాదనే అనాలి కదా అన్నాడు.

"ఆవిడకి మతి పోయిందని కూడా అనాలా?"

"అది..." అన్నాడు డెరిక్. "అది నోరు జారింది. ఆ తర్వాత అందరూ అంటుంటే ఊరుకున్నాను."

"ఆవిడ మాత్రలు మింగింది డెరిక్. నీ గొట్టం కోసం ఆవిడ మాత్రలు మింగింది."

అతను కళ్లు మూసుకున్నాడు. ఇదివరకైతే గ్లెండా అతని చెయ్యి పట్టుకునేది. ఇప్పుడు తన చేతిసంచి పట్టుకుని అలాగే కూర్చుంది. కౌన్సిల్‌కి పొద్దున్నే ఫోన్ చేస్తానని చెప్పింది. జరిమానా వేస్తారు, వీధిలో తలెత్తుకోలేం అన్నాడతను. మ్యూరియల్ ఎలా ఎత్తుకుందో అడిగి తెలుసుకో అంది ఆవిడ. నడవగలిగిన రోజున ముందు ఆవిడ గుమ్మానికి వెళ్లి చెప్పాలి, తర్వాత క్లబ్బులో, అందరూ ఉన్నప్పుడు చెప్పాలి అంది. ఒప్పుకునేదాకా లేవలేదు.

చలి తగ్గేలోపే మనుషులొచ్చి పెరట్లో బండ పగలగొట్టారు. ఆ చప్పుడుకి వీధంతా కిటికీల్లోకి వచ్చింది. టాయిలెట్ గొట్టం మ్యాన్‌హోల్‌కి కలిసింది, పాత తూము మూతపడింది. రోవెనా బయటి గొట్టం ఊడదీసి, బాయిలర్ చెమట నీళ్లు గోడలోంచి లోపలికే తిప్పి, ఇది ఎటు పోతుందో నాకిప్పుడు తెలుసు అంటూ టాయిలెట్ గొట్టానికి కలిపింది. బెజ్జం పూడ్చేటప్పుడు మళ్లీ పాడింది.

డెరిక్ చేతికర్ర మీద మొదటిసారి వీధిలోకి వెళ్లింది మ్యూరియల్ గుమ్మం దాకానే. ఆవిడ లోపలికి రమ్మనలేదు. తలుపు పట్టుకుని నిలబడి మొత్తం వింది. అతనికి కాలు నొప్పెడుతోందని తెలిసినా కుర్చీ వేయలేదు. అంతా అయ్యాక, క్లబ్బులో కూడా ఇలాగే చెప్పు, మధ్యలో దగ్గకుండా చెప్పు అని తలుపేసుకుంది. క్లబ్బులో అతను చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు బల్ల మార్చారు. ఆ తర్వాత కొన్నాళ్లు క్లబ్బుకి పోవడం తగ్గించాడు. గ్లెండా అతనికి వండిపెట్టింది, కాలికి కసరత్తులు చేయించింది. కానీ అతనేదైనా చెబితే సరేనని వెంటనే అనే అలవాటు ఆవిడకి పోయింది. ఇంట్లో ఆ మార్పు ఇద్దరికీ తెలుసు.

మ్యూరియల్ నేలమాళిగ గోడ ఆరడానికి వేసవి దాకా పట్టింది. జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆవిడ సందు తలుపు దగ్గర నిలబడి గ్లెండాని పిలిచింది. మేనల్లుడు పిల్లల్ని తీసుకొస్తానన్నాడట. ఒకసారి కిందికి దిగి చూసి వాసన వస్తోందో లేదో చెప్పమంది. తన ముక్కుని తను నమ్మలేనంది.

గ్లెండా మెట్లు దిగింది. గోడకి కొత్త సున్నం వేశారు. బకెట్టు లేదు, తువ్వాళ్లు లేవు. అల్మారా ఇటుకల మీంచి దిగింది. ఆవిడ మూల దగ్గరికి వెళ్లి, వంగి, గట్టిగా గాలి పీల్చింది. పైన మెట్ల మీద మ్యూరియల్ చేతులు కట్టుకుని చూస్తోంది.

లేదని అంటే సరిపోయేది. అలా అనడం తేలిక.

"ఉంది," అంది గ్లెండా. "ఇంకా కొంచెం ఉంది. ఈ మూలలో."

మ్యూరియల్ ఊపిరి వదిలింది. కట్టుకున్న చేతులు విప్పింది.

"నాకూ అలాగే అనిపించింది," అంది. "రా, టీ తాగుదాం."